కిర్క్‌హీటన్ సవ్యసాచి

ఇంగ్లండు ఉత్తర భాగంలో, యార్క్‌షైరు కౌంటీలో, ఉన్ని మిల్లులకు పేరుపొందిన హడర్స్‌ఫీల్డు పట్టణానికి సమీపాన కిర్క్‌హీటన్ అనే ఊరొకటి ఉన్నది. చెప్పుకోదగిన కోటగాని, చరిత్ర ప్రసిద్ధమైన యుద్ధభూమిగాని ఆ ఊరికి లేదు. అయినా క్రికెట్టు ఎరిగిన ఇంగ్లీషువాడు ఆ పేరు వినగానే చిరునవ్వు నవ్వుతాడు. దానికి కారణం ఒక పాత చమత్కారం. ప్రపంచంలోని ఆల్‌రౌండర్లలో అగ్రగణ్యుడెవరని ప్రశ్నిస్తే, నిశ్చయంగా చెప్పజాలనని యార్క్‌షైరువాసి జవాబిస్తాడట. అయితే అతడు కుడిచేతివాటంగా బ్యాటు పట్టినాడనీ, ఎడమచేత బంతి వేసినాడనీ, కిర్క్‌హీటన్‌లో పుట్టినాడనీ మాత్రం తనకు తెలుసునంటాడట. ఈ మూడు గుర్తులూ ఇద్దరికి సరిపోతాయి. ఒకడు జార్జి హెర్బర్ట్ హర్‌స్ట్. రెండవవాడు అతనికంటె ఆరేండ్లు చిన్నవాడైన విల్‌ఫ్రెడ్ రోడ్స్.

రెండు చేతులా బాణం సంధింపగలవాడు కనుక అర్జునునికి సవ్యసాచి అని పేరు వచ్చినది. కుడి ఎడమల మాట అటుంచి, బ్యాటింగు, బౌలింగు అనే రెండు విద్యలూ సమానంగా పట్టుబడిన క్రీడాకారునికి ఆ బిరుదు చక్కగా అమరుతుంది. ఇంగ్లండులో అట్టివానికి ఒక కొలబద్ద ఉండేది. ఒకే వేసవిలో వెయ్యి పరుగులు తీసి నూరు వికెట్లు పడగొట్టినవాడు ‘డబుల్’ సాధించినట్లు లెక్క. జీవితంలో ఒకసారి దానిని సాధించినవాడు మనుమలకు చెప్పుకొనేవాడు. రోడ్స్ దానిని 16 సార్లు సాధించినాడు. మరెవ్వరూ అన్నిసార్లు సాధించలేదు. ప్రథమశ్రేణి పోటీలు 1,110 ఆడి, దాదాపు 40 వేల పరుగులు తీసి, నాలుగు వేలకు పైగా వికెట్లు పడగొట్టినాడు. ఆ వికెట్లు 4,187 అని కొందరు, 4,204 అని కొందరు ఇప్పటికీ వాదించుకొంటూనే ఉన్నారు. తేడాగా నిలిచిన ఆ 17 వికెట్లు సామాన్యుడైన బౌలరుకు ఒక మంచి మాసపు సంపాదన.

అంకెల మాట అంతటితో చాలు. అతని జీవితంలో నిజంగా ఆలోచింపదగినది వేరొకటి ఉన్నది. అతడు ఒక విద్యలో శిఖరం చేరినాడు. దానిని తానుగా ప్రక్కకు నెట్టి రెండవ విద్యను మొదటి అక్షరంనుండి నేర్చినాడు. అందులోను పైకి వచ్చిన తరువాత, నలభై దాటిన వయస్సులో, వదలిన మొదటి విద్యను మరల చేపట్టినాడు. ఇంతా చేసినవాడు జీతానికి ఆడే పనివాడు. ఆ సంగతి మరచిపోతే అతని కథ సగమే అర్థమవుతుంది.

రోడ్స్ 1877 అక్టోబరు 29వ తేదీన జన్మించినాడు. తండ్రి ఆ ఊరి రెండవ జట్టుకు నాయకుడు కాబట్టి బంతితో పరిచయం ఇంటిలోనే అయినది. బడి చదువు ముగిసిన పిమ్మట మిర్‌ఫీల్డులో రైలు ఇంజన్ల షెడ్డులో పనికి కుదిరినాడు. ఒకనాడు పోటీకి వేళ మించిపోతున్నదని, పని ముగింపు గంటను నియమిత కాలానికి ముందే మ్రోగించినాడనీ, దానితో ఆ ఉద్యోగం ఊడినదనీ చెప్పుకొంటారు. కథ నిజమే అయితే, ఆ గంటవలన రైలు సంస్థకు కలిగిన నష్టం బహుశః పావుగంట పని మాత్రమే.

1896లోను, ఆ మరుసటి ఏడును స్కాట్లాండులోని గాలాషీల్సు పట్టణపు క్లబ్బులో అతడు జీతానికి ఆడినాడు. క్లబ్బు వృత్తి ఆటగాని పని పోటీనాడు ఆడటంతో తీరేది కాదు. సభ్యులు సాయంకాలం సాధనకు వస్తే వారికి బంతులు వేయవలెను, మైదానం బాగోగులు చూడవలెను. అప్పటికి అతడు మధ్యరకపు వేగంతో బంతి వేసేవాడు. ఆ వేగంతో యార్క్‌షైరు జట్టులో చోటు దొరకదని గ్రహించి, నెమ్మదిగా వేసే స్పిన్ బౌలింగుకు మారినాడు. చలికాలంలో బయట మంచు కురుస్తుండగా ఇంటివద్ద కట్టెల కొట్టంలో సాధన చేసినాడు. బంతి ఒక ప్రక్కకు సుద్ద పూసి విసరితే, అది గాలిలో ఎన్ని చుట్లు తిరుగుతున్నదీ కంటికి కనిపించేది. గురువు లేడు, పుస్తకం లేదు. ఎవ్వరూ చెప్పని పాఠాన్ని సుద్ద పూసిన బంతిని అడిగి తెలుసుకొన్నాడు.

అదృష్టం కూడ కలిసివచ్చినది. యార్క్‌షైరు జట్టులో ఎడమచేతి నెమ్మది బౌలరుకు ఒక పీఠం వంటిది ఉండేది. మొదట టెడ్ పీట్, అతని తరువాత బాబీ పీల్ ఆ పీఠాన్ని అలంకరించినారు. 1897 వేసవిలో పీల్ మద్యం సేవించి మైదానానికి వచ్చినందుకు నాయకుడైన లార్డ్ హాక్ అతనిని బయటకు పంపివేసినాడు. ఎంతో గొప్ప బౌలరు మరల ఆ జట్టుకు ఆడలేదు. వార్విక్‌షైరు కౌంటీ అంతకు ముందే రోడ్స్‌ను గురించి ఆలోచించి, క్రొత్తవానికి జీతమిచ్చే స్తోమత లేక వదలుకొన్నది. 1898 మే నెలలో రోడ్స్ యార్క్‌షైరుకు తొలిసారి ఆడినాడు. ఆ నెలలోనే బాత్ పట్టణంలో సోమర్సెట్ జట్టుపై 45 పరుగులిచ్చి 13 వికెట్లు తీసినాడు. వేసవి ముగిసేసరికి అతని ఖాతాలో 154 వికెట్లు చేరినవి. ఇరువది ఒకటవయేట అడుగుపెట్టక ముందే పీల్ లేని లోటు తీరిపోయినది.

అతని బంతిలో ఉన్న రహస్యమేమి? చూడవచ్చినవానికి ఏమీ కనిపించేది కాదు. నాలుగైదు అడుగులు వేసి, భుజం సుళువుగా త్రిప్పి వదలేవాడు. బంతి కుడిచేతి ఆటగాని కాళ్ళవైపునుండి బయటివైపునకు తిరిగేది. ఆపాటి స్పిన్ వేయగలవారు ఇంగ్లండులో మరి పదిమంది ఉండేవారు. రోడ్స్ బంతిలోని విశేషం నేలపై కాక గాలిలో ఉండేది. అది బ్యాట్స్‌మన్ కంటిచూపుకు కొంచెం పైగా లేచి, అందుతుందనే ఆశ పుట్టించేది. ఆ ఆశతో అతడు ముందుకు అడుగు వేసేసరికి, తాననుకొన్న చోటికి జానెడు ఇవతలనే బంతి నేలను తాకేది. తరువాతి బంతి అదే రూపంతో బయలుదేరి జానెడు అవతల పడేది. వరుసగా ఆరు బంతులు ఒకే తీరున కనిపించినా ఏ రెండూ ఒకటి కావు. అంతేకాక, ప్రతి ఆటగాని బలహీనతనూ అతడు జ్ఞాపకం పెట్టుకొనేవాడు. సుంకరి పద్దువలె ఆ జ్ఞాపకంలో దయకు తావుండేది కాదు. ఆనాడు పిచ్‌పై వానకు కప్పు వేసే ఆచారం లేదు. తడిసిన నేల ఎండకు ఆరుతున్న వేళ, బంతి పట్టి పట్టి లేచే ఆ జిగట పిచ్‌పై రోడ్స్‌ను ఎదుర్కొనటం ఎంతటివానికైనా గండమే.

1899 జూన్ 1వ తేదీన నాటింగ్‌హాంలో ఆస్ట్రేలియాపై అతని తొలి టెస్టు ప్రారంభమైనది. ఆనాటి ఇంగ్లండు నాయకుడు గడ్డపు మహాపురుషుడు డబ్ల్యూ. జి. గ్రేస్. ఆయన వయస్సు 50; ఆయనకు అదే చివరి టెస్టు. ఒక యుగం వెళ్ళిపోతున్న ద్వారాన రెండవ యుగం లోపలికి వచ్చినది. 1900లో రోడ్స్ 261 వికెట్లు, 1901లో 251, 1902లో 213 తీసినాడు. ఆ మూడేండ్లూ యార్క్‌షైరే కౌంటీ విజేత. అతడు ఆడిన కాలమంతటిలో ఆ జట్టు 12 మార్లు ఆ గౌరవం పొందినది.

1902లో బర్మింగ్‌హాం టెస్టులో ఆస్ట్రేలియా జట్టు మొత్తం 36 పరుగులకే కూలిపోయినది. రోడ్స్ 17 పరుగులిచ్చి 7 వికెట్లు తీసినాడు. వాన అడ్డుపడి ఆ పోటీ తేలలేదు. ఆ వేసవి చివరి టెస్టు లండనులోని ఓవల్ మైదానంలో జరిగినది. ఇంగ్లండు గెలవటానికి 263 పరుగులు కావలెను. 48 పరుగులకే 5 వికెట్లు పోయినవి. అప్పుడు గిల్బర్ట్ జెస్సప్ వచ్చి తుపానువలె విరుచుకుపడి 104 పరుగులు తీసినాడు. అయినా చివరి వికెట్టు మిగిలేసరికి ఇంకా 15 పరుగులు తక్కువ. ఒక కొసన హర్‌స్ట్ నిలబడి ఉన్నాడు. పదకొండవవాడుగా మెట్లు దిగి వచ్చినవాడు రోడ్స్. ఒకే ఊరివారు, ఒకే బాల్యం. “ఒక్కొక్క పరుగుగానే తీసుకొందాము” అని హర్‌స్ట్ చెవిలో చెప్పినాడని దేశమంతా ప్రచారమైనది. అటువంటి మాట అనుకోలేదని ఇద్దరూ జీవితాంతం చెప్పుతూనే ఉన్నారు, ఎవరూ వినిపించుకోలేదు. మాట ఎవరిదైనా, 15 పరుగులూ వచ్చినవి, ఇంగ్లండు ఒక్క వికెట్టు తేడాతో గెలిచినది. రోడ్స్ తీసినవి ఆరు పరుగులే గాని, ఆ ఆరూ తీస్తున్నప్పుడు అతని చేయి వణకలేదు.

బహుశః అతనిలోని రెండవ విద్యార్థి ఆనాడే మేల్కొన్నాడు. మరుసటి ఏటి శీతకాలంలో ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు సిడ్నీ టెస్టులో మరల చివరివాడుగా వచ్చి, ఆర్. ఇ. ఫాస్టరుతో కలిసి చివరి వికెట్టుకు 130 పరుగులు జోడించినాడు. ఫాస్టరు 287 తీసి చరిత్రకెక్కినాడు. రోడ్స్ 40 పరుగులతో అజేయంగా నిలిచినాడు. ఇంగ్లండుకు ఆ చివరి వికెట్టు రికార్డు 2014 వరకు చెక్కుచెదరలేదు. తరువాతి మెల్‌బోర్న్ టెస్టులో 124 పరుగులిచ్చి 15 వికెట్లు తీసినాడు. తన బౌలింగు ఇంతటి వైభవంలో ఉండగా బ్యాటు కోసం తపించటం ఎందుకని ఇతరులకు తోచినది. అతడు పరుగులు తీస్తే బంతి వేసే శక్తి తరుగుతుందని లార్డ్ హాక్ విసుగుకొనేవాడని ప్రతీతి.

రోడ్స్ వినలేదు. జట్టులో పదకొండవ స్థానంనుండి ఒక్కొక్క మెట్టే ఎక్కినాడు. టెస్టులలో ఒకటి మొదలు పదకొండు వరకు ప్రతి స్థానంలోను బ్యాటు పట్టిన బహు కొద్దిమందిలో అతడొకడు. మన విను మన్‌కడ్ కూడ ఆ కొద్దిమందిలో చేరినాడు. రోడ్స్ ఆటలో సొగసు తక్కువ. కాళ్ళు సరిగా పెట్టటం, చెడ్డ బంతికి కాచుకొనటం, ఎదుటివాని పరుగును తన పరుగుగా భావించి పరుగెత్తటం అతని మూలధనం. 1909-10లో దక్షిణాఫ్రికాలో జాక్ హాబ్స్‌తో కలిసి ఇంగ్లండు ఇన్నింగ్స్ ప్రారంభించినాడు. కేప్‌టౌన్‌లో ఆ జంట 221 పరుగులు తీసినది. 1912 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో తొలి వికెట్టుకు 323 పరుగులు తీసినది. హాబ్స్ 178, రోడ్స్ 179. ఎనిమిదేండ్ల క్రింద అదే మైదానంలో 15 వికెట్లు తీసిన చేయి ఇప్పుడు 179 పరుగులు తీసినది. అయితే ఆ పర్యటనలోని టెస్టులలో అతనికి ఒక్క వికెట్టైనా దక్కలేదు. బంతి అతనికి ఇచ్చినదే అరుదు.

ఇది లాభమా నష్టమా అని ఆనాటి ఇంగ్లండులో చర్చ జరిగినది. ప్రపంచంలో మొదటివాడైన బౌలరును పోగొట్టుకొని, మంచివాడే గాని మొదటివాడు కాని బ్యాట్స్‌మన్‌ను సంపాదించుకొన్నామని కొందరు వాపోయినారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని వారు వృత్తి ఆటగాని లెక్క వేయలేదు. బౌలరు భుజం ముప్పది అయిదేండ్లకు అరిగిపోతుంది. ఆ తరువాత క్లబ్బు గుమ్మంలో గుమాస్తా పనో, ఊరిలో చిన్న అంగడో గతి. రెండు పనులు తెలిసినవానికి కూలి దొరికే రోజులు ఎక్కువ. పాత మిల్లుల సీమలో పుట్టినవానికి ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.

1914లో యుద్ధం వచ్చినది. రోడ్స్ హడర్స్‌ఫీల్డులో ఆయుధాల కర్మాగారంలో పనిచేసినాడు. యార్క్‌షైరు బౌలరు మేజర్ బూత్ 1916 జులై 1వ తేదీన ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో మరణించినాడు. పాఠకులు పొరబడరాదు; మేజర్ అనేది అతని సైనిక పదవి కాదు, తలిదండ్రులు పెట్టిన పేరే. అలాంజో డ్రేక్ అనే మరొక బౌలరు 1919 ఆరంభంలో వ్యాధితో కన్నుమూసినాడు. హర్‌స్ట్‌కు 47 ఏండ్లు. ఆట మరల మొదలయ్యేసరికి యార్క్‌షైరుకు బంతి వేసేవారే కరువైనారు.

అప్పుడు రోడ్స్ తన పాత విద్యను కట్టెల కొట్టంనుండి మరల బయటకు తీసినట్లయినది. భుజానికి వెనుకటి చురుకు లేదు. స్పిన్ తగ్గినది. మిగిలినది గాలిలోని ఆ మాయ, ఇరవై ఏండ్ల జ్ఞాపకం. 1919 వేసవిలో 164 వికెట్లు తీసినాడు. 1923లో 134 వికెట్లు తీసినప్పుడు ఒక్కొక్కదానికి ఇచ్చినది పన్నెండు పరుగులకంటె తక్కువ. ఆనాటికి అతని వయస్సు 45. యౌవనంలో నేర్చిన పాఠాన్ని యౌవనం లేకుండా అప్పజెప్పటం చూచి, అతని బంతికి ఔటైన కుర్రవాండ్రు విస్తుపోయేవారు.

ఈ కాలంలోనే అతనికి భారతదేశంతో సంబంధం కలిగినది. పాటియాలా మహారాజు భూపీందర్ సింగు ఆహ్వానంపై పలు శీతకాలాలు వచ్చి, అక్కడ క్రికెట్టు నేర్పినాడు. యార్క్‌షైరు ఆటగాండ్రకు అప్పట్లో మన దేశం ఒక శీతకాలపు కొలువు. అందరికీ అది అచ్చిరాలేదు. రోడ్స్‌తో కలిసి ఎడమచేత బంతి వేసిన రాయ్ కిల్నర్ 1927-28లో ఇక్కడ శిక్షణ ఇచ్చి తిరిగిపోతూ విషజ్వరం పాలై, స్వదేశం చేరిన కొద్దినాళ్ళకే మరణించినాడు.

1926 వేసవిలో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు వచ్చినది. 1912 తరువాత ఇంగ్లండు యాషెస్ మొగం చూడలేదు. మొదటి నాలుగు టెస్టులు తేలకుండా ముగిసినవి. అయిదవది ఓవల్‌లో; ఫలితం తేలేవరకు ఎన్నిరోజులైనా ఆడవలెనని నిర్ణయం. ఆ సంవత్సరం ఆటగాండ్రను ఎంపికచేసే సంఘంలోకి, ఎన్నడూ లేని విధంగా, ఇద్దరు వృత్తి ఆటగాండ్రను సలహాదారులుగా తీసుకొన్నారు. ఒకరు హాబ్స్, రెండవవాడు రోడ్స్. పిచ్ స్పిన్‌కు లొంగితే ఎవరు బంతి వేయవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ గదిలోని చూపులన్నీ బల్లచుట్టూ తిరిగి తిరిగి రోడ్స్ మీదనే నిలిచి ఉండవచ్చు. అతనికి 48 ఏండ్లు. టెస్టు ఆడి అయిదేండ్లయినది. ఆ పోటీకి నాయకుడుగా నియమితుడైన పర్సీ చాప్‌మన్ పుట్టినది 1900లో. అంటే నాయకుడు పుట్టకముందే ఈ ఆటగాడు టెస్టు ఆడినాడు. ఫాస్టు బౌలరు హెరాల్డ్ లార్‌వుడ్‌కు 21 ఏండ్లు.

ఇంగ్లండు 280, ఆస్ట్రేలియా 302. రెండవ ఇన్నింగ్స్‌లో వానకు తడిసిన పిచ్‌పై హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ కలిసి 172 పరుగులు జోడించిన తీరును ఆనాడు చూచినవారు ముసలితనంలో కూడ కథగా చెప్పుకొన్నారు. హాబ్స్ 100, సట్‌క్లిఫ్ 161. ఆస్ట్రేలియాకు 415 పరుగుల లక్ష్యం ఏర్పడినది. ఒక వైపునుండి లార్‌వుడ్ వేగం. రెండవ వైపునుండి, కుడిచేతి టోపీని కొంచెం క్రిందికి లాగుకొని, అవే నాలుగైదు అడుగులు వేస్తూ రోడ్స్. ఇరువది ఓవర్లు వేసి 44 పరుగులకు 4 వికెట్లు తీసినాడు. బిల్ పాన్స్‌ఫర్డు అతని బంతికే చిక్కినాడు. ఆస్ట్రేలియా 125కు కూలినది. ఇంగ్లండు 289 పరుగుల తేడాతో గెలిచినది. జనం తాళ్ళు దాటి మైదానంలోకి పొర్లినారు. 1899లో ఆరంభమైన ఒక ఉద్యోగికి 27 ఏండ్ల తరువాత ఇంత పని పడుతుందని ఎవరూ ఎంచి ఉండరు. ఆ వేసవిలోనే అతని పదహారవ డబుల్ పూర్తి అయినది.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పవలసి ఉన్నది. ఇంగ్లీషు క్రికెట్టులో రెండు కులాలుండేవి. జీతం లేకుండా ఆడే పెద్దమనిషి అమెచూరు. జీతానికి ఆడేవాడు వృత్తి ఆటగాడు. వారు దుస్తులు మార్చుకొనే గదులు వేరు. పలు మైదానాలలో లోపలికి దిగే ద్వారాలు కూడ వేరు. అచ్చువేసిన స్కోరు కాగితంలో అమెచూరు పేరుకు మర్యాదవాచకం ఉండేది. రెండవవానికి ఉత్త పేరే. నాయకత్వం అమెచూరుకు చెందిన హక్కు. అతనికి ఆట అంతగా రాకపోయినా ఆ హక్కుకు భంగం లేదు. లార్డ్ హాక్ తన వృత్తి ఆటగాండ్రకు చలికాలంలో కూడ జీతమిప్పించిన దయగలవాడే; కాని ఈ గీతను మాత్రం చెరగనీయలేదు. యుద్ధానంతరం యార్క్‌షైరుకు వరుసగా వచ్చిన నాయకులలో పలువురు పేరుకు నాయకులు. 1925లో మేజర్ లుప్టన్ 46వ యేట ఆ పదవికి వచ్చినాడు. మైదానంలో ఎవరు ఎక్కడ నిలవవలెనో, బంతి ఎవరి చేతికి పోవలెనో నిర్ణయించినది రోడ్స్. ఆ సంగతి జట్టుకు తెలుసు, ప్రత్యర్థులకు తెలుసు, గాలరీలో కూర్చున్న మిల్లు కూలివానికీ తెలుసు. కాగితంలో మాత్రం లేదు.

1927 చివర ఆ నియమాన్ని సడలించవలెనని సంఘానికి తోచినది. నాయకత్వం వహించమని వృత్తి ఆటగానిని అడిగినారు. అడిగినది రోడ్స్‌ను కాదు; అతనికంటె 17 ఏండ్లు చిన్నవాడైన సట్‌క్లిఫ్‌ను. సభ్యులలో గొడవ లేచినది. సట్‌క్లిఫ్ మర్యాదగా నిరాకరించినాడు. మరల ఒక అమెచూరు నాయకుడైనాడు. 30 ఏండ్లు కొలువుచేసిన తనను ఒక్క మాటైనా సంప్రదించలేదని రోడ్స్ నొచ్చుకొన్నాడు. అతనికి అప్పటికి 50 ఏండ్లు. నాయకత్వం ఇవ్వదగిన వయస్సు కాదని సంఘం అనుకొని ఉండవచ్చు. ఇవ్వకపోవటానికి కారణం వెదకవచ్చు గాని, అడగకపోవటానికి కారణం వెదకటం కష్టం. యార్క్‌షైరుకు ఆధునిక కాలంలో వృత్తి ఆటగాడు అధికారికంగా నాయకుడైనది 1960లో. అప్పటికి రోడ్స్‌కు 82 ఏండ్లు. అమెచూరు, వృత్తి భేదాన్నే ఇంగ్లండు 1962 చివర తొలగించినది.

1930 ఏప్రిలులో జమైకాలోని కింగ్‌స్టన్‌లో అతడు తన చివరి టెస్టు ఆడినాడు. వయస్సు 52 ఏండ్ల 165 రోజులు. అంత వయస్సులో టెస్టు ఆడినవాడుగాని, 30 ఏండ్ల 315 రోజుల టెస్టు జీవితం గలవాడుగాని మరొకడు లేడు. ఆ పోటీలో వెస్టిండీసు పక్షాన 223 తీసిన జార్జి హెడ్లీకి 20 ఏండ్లు. అదే వేసవి చివర స్కార్‌బరోలో ఆస్ట్రేలియా కుర్రవాడు డాన్ బ్రాడ్‌మన్‌కు రోడ్స్ బంతులు వేసినాడు. గ్రేస్‌తో ఒకే జట్టులో ఆడినవాడు బ్రాడ్‌మన్‌కు బంతి వేయటం! ఆ పోటీతో అతని యార్క్‌షైరు కొలువు కాలం కూడ ముగిసినది. ఆ ఏడే యార్క్‌షైరుకు తొలిసారి ఆడిన హెడ్లీ వెరిటీ పీట్, పీల్, రోడ్స్‌ల పీఠానికి వారసుడైనాడు. 1932లో లీడ్స్‌లో పది పరుగులిచ్చి పది వికెట్లూ తీసినాడు. 1943లో ఇటలీ యుద్ధరంగంలో గాయపడి మరణించినాడు.

ఆట చాలించిన కిర్క్‌హీటన్ మిత్రులిద్దరూ ఉపాధ్యాయులైనారు. హర్‌స్ట్ 1920 నుండి 1938 వరకు ఈటన్ పాఠశాలలో పిల్లలకు నేర్పినాడు. పిల్లలు అతనిని ప్రేమించినారు. తప్పు చేసినవాని భుజంపై చేయివేసి నవ్వటం అతని పద్ధతి. రోడ్స్ హారో పాఠశాలలో కొన్నేండ్లు పనిచేసినాడు. అక్కడ అతనికి అంత పొత్తు కుదరలేదు. అతనికి తెలిసినదాని లోతు ఎక్కువ. ఉల్లాసం కోసం ఆడే శ్రీమంతుల బిడ్డలకు, కూడు కోసం ఆడినవాని శ్రద్ధ శిక్షగా తోచి ఉంటుంది. సుద్ద పూసిన బంతినుండి తనంతట తాను నేర్చుకొన్నవానికి, నేర్వవలెననే తపన లేని విద్యార్థి ఒక పజిలు. మంచి పండితుడందరూ మంచి బడిపంతులు కాజాలడని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1949లో లండనులోని ఎం. సి. సి. వారు పూర్వపు వృత్తి ఆటగాండ్రు కొందరికి గౌరవ సభ్యత్వమిచ్చినారు. ఒకప్పుడు వేరే ద్వారాన దిగిన రోడ్స్, హర్‌స్ట్‌లిద్దరూ సభ్యులుగా లోపలికి వచ్చినారు. కాని అప్పటికే రోడ్స్ కన్నులు మసకబారుతున్నవి. 1952 నాటికి చూపు పూర్తిగా పోయినది. 1954లో హర్‌స్ట్ మరణించినాడు.

చూపు పోయిన తరువాత కూడ రోడ్స్ మైదానానికి రావటం మానలేదు. కుమార్తె ఇంట నివసిస్తూ, ఎవరైనా చేయిపట్టి నడిపిస్తే వచ్చి, గాలరీలో టోపీ పెట్టుకొని కూర్చొనేవాడు. యౌవనంలో మితభాషి, అంధుడైన తరువాత మాటకారి అయినాడు. పాత కథలు విననెంచినవారు చుట్టూ చేరేవారు. కథ మధ్యలో బ్యాటు శబ్దం వినిపిస్తే ఆగేవాడు. బంతి బ్యాటు నడిమి తాకినదా, అంచు తాకినదా అన్నది ఆ చప్పుడునుబట్టి గ్రహించేవాడు. 1973 జులై 8వ తేదీన, దక్షిణ ఇంగ్లండు తీరాన డార్సెట్‌లో, తన 95వ యేట మరణించేవరకు ఆ చెవులు పనిచేస్తూనే ఉన్నవి.